పేరడగని బస్సు



సుల్తానాబాద్ బస్టాండుకు దగ్గర్లో నాకు ఒక జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఆరు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను. పద్దెనిమిదేళ్లుగా అదే నా బతుకుదెరువు. ఎదురుగా రాజీవ్ రహదారి, దాని మీద రాత్రింబగళ్లు లారీలు. గాలి ఇటు మళ్లితే బాయిల్డ్ రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన దుకాణం నిండా కమ్ముకుంటుంది. బస్సులో కునుకు తీసేవాళ్లు కూడా ఆ వాసనకు లేచి, సుల్తానాబాద్ వచ్చింది అనుకుంటారు.

ఇక్కడ ఒకరికొకరు తెలియనివాళ్లు తక్కువ. అది మంచిదే. రాత్రిపూట ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే తట్టడానికి నాలుగు తలుపులు ఉంటాయి. కానీ మెడికల్ షాపులో మందు చీటీ ఇచ్చి మీరు ఇల్లు చేరేలోపు, ఆ మందు దేనికో మీ వదినకు తెలిసిపోతుంది. అందుకే మా ఊరి ఆడవాళ్లు కొన్ని పనులకు కరీంనగర్ బస్సెక్కుతారు. నెల తప్పిందేమో చూసుకునే పరీక్ష కిట్టు కొనాలన్నా, పిల్లలు కలగడం లేదని డాక్టరుకు చూపించుకోవాలన్నా, నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది అని ఎవరికైనా చెప్పుకోవాలన్నా కరీంనగరే. అక్కడ పెద్ద డాక్టర్లున్నారని మాత్రమే కాదు, అక్కడ తమను ఎవరూ గుర్తుపట్టరని.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. ఈమె మన రాష్ట్రం మనిషేనా అన్నదొక్కటే ఆయనకు కావాలి. కరీంనగర్‌లో ఏ సందులోకి తిరిగి ఏ మెట్లెక్కుతుందో ఆయన అడగడు. ఈ జీరో టికెట్‌ను కాస్త మనసులో పెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం మా సెంటరుకు ఒక అక్క వచ్చింది. పక్క పల్లె. ఆమెను అడిగే ఈ ముచ్చట చెబుతున్నాను. పేరు మాత్రం వద్దంది, చెప్పను. వెలిసిపోయిన స్వెటరు మీద కొంగు గట్టిగా చుట్టుకుంది. లోపలున్న ఇద్దరు పిల్లలు వెళ్లేదాకా బయట బెంచీ మీదే కూర్చుంది. తర్వాత లోపలికొచ్చి, "తమ్మీ, నెట్ల ఒక ముచ్చట సూడాలె. నువ్వు సూడొద్దు, నేనే సూస్త" అంది.

వాళ్లింట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను కొడుకు దగ్గర ఉంటుంది. అందులో ఏం వెతికినా తర్వాత తెరిచినవాళ్లకు కనబడుతుందని ఆమెకు తెలుసు. చదివింది ఏడో తరగతే అయినా, ఆ సంగతి నా దగ్గరికొచ్చే డిగ్రీ పిల్లల కన్నా ఆమెకే బాగా తెలుసు.

మూలనున్న కంప్యూటరు ఇచ్చాను. దాన్ని నేను ఎంతో ముచ్చటపడి తయారుచేసి పెట్టుకున్నాను. వెతికింది దాచుకోని బ్రౌజరు, వెతికినవాళ్లు ఎవరో రాసుకోని సెర్చ్ ఇంజిన్, వాటికి తోడు మన అడ్రసు బయటికి కనబడకుండా ఒక వీపీఎన్. ఇలాంటి అక్కల కోసమే అదంతా. నేను కౌంటరు దగ్గరికి వచ్చేశాను.

రెండు నిమిషాలకు పిలిచింది. "తమ్మీ, ఇదేందో బొమ్మలు వెట్టి అడుగుతుంది."

తెర మీద తొమ్మిది ఫొటోలు. చిమ్నీలు ఉన్నవాటిని ఎంచుకోవాలట. మీరు మనిషేనా, మిషనా అని తేల్చుకోవడానికి పెట్టే పరీక్ష అది, క్యాప్చా అంటారు. చిమ్నీ అంటే మాకు రైస్ మిల్లు గొట్టం. మిల్లు నడిచే రోజుల్లో తెల్లవారకముందే పొగ వదులుతూ, ఊరి బయటి నుంచే కనబడే గొట్టం. ఆ ఫొటోల్లో ఉన్నవేమో ఎక్కడో అమెరికాలో ఏటవాలు కప్పుల ఇండ్లు. కప్పు మీద ఇటుకలతో కట్టిన చిన్న దిమ్మె. అది చిమ్నీ అని ఆమె ఎట్లా అనుకుంటుంది? తొమ్మిది ఫొటోల మీద వేలు తిప్పి తిప్పి చూసి, "ఇండ్ల మిల్లే లేదు తమ్మీ" అంది.

ఏదీ నొక్కకుండా ముందుకు పోయింది. తప్పన్నది. ఈసారి జీబ్రా క్రాసింగులు అడిగింది. మళ్లీ తప్పు. ఆ తర్వాత ఒక పొట్టి ఇనుప పంపు, నిప్పంటుకున్నప్పుడు ఫైరింజన్‌వాళ్లు గొట్టం తగిలించుకునేదట. మా ఊళ్లో అలాంటిది ఎక్కడా లేదు. నేనూ సినిమాల్లోనే చూశాను. మూడోసారి కూడా తప్పయ్యాక తెర తెల్లబడింది. మీ నెట్‌వర్క్ నుంచి అనుమానాస్పదమైన రాకపోకలు కనబడుతున్నాయి, తర్వాత ప్రయత్నించండి అన్న వాక్యం ఒక్కటే మిగిలింది.

అనుమానాస్పదం అన్న మాటను ఆమె కూడబలుక్కుని చదివింది. కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేనేమన్న తప్పు జేసిన్నా తమ్మీ?" అంది.

లేదక్కా, భయపడకు అని పక్క కంప్యూటరులో అందరూ వాడే మామూలు సెర్చ్ తెరిచి ఇచ్చాను. రెండక్షరాలు కొట్టగానే మిగతా మాటలు అదే అందించింది. బొమ్మలు లేవు, పరీక్షలు లేవు. ఆమె పది నిమిషాలు చదువుకుని, ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం అదే కంప్యూటరు ముందు ఒక ఇంటర్ పిల్లవాడు కూర్చున్నాడు. వాడు తెరిచిన పేజీ పక్కన ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రకటన వచ్చింది. ఇంకో పేజీ తెరిస్తే అక్కడా అదే. "అన్నా, నీకేమన్న అయ్యిందా?" అని నన్నడిగాడు. నేను గబగబా వెళ్లి హిస్టరీ చెరిపాను. చెరిపేటప్పుడు కనబడింది, ఆమె వెతికిందేమిటో. రొమ్ములో చేతికి తగులుతున్న గడ్డ గురించి. నువ్వు సూడొద్దు అని ఆమె చెప్పిన మాట ఆ రకంగా తప్పింది.

నన్ను అప్పటి నుంచి తొలుస్తున్న సంగతి ఇది. కాపాడతానన్న ఇంజిన్ ఆమెను దర్వాజ దగ్గరే ఆపి అనుమానించింది. ఆమె భయాన్ని ప్రకటనలవాళ్లకు అమ్ముకునే ఇంజిన్ మాత్రం, రా అక్కా అని కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

ఎందుకిట్లా అని ఇన్ని నెలలుగా చదువుతూ, తెలిసినవాళ్లను అడుగుతూ వచ్చాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇద్దరు వాచ్‌మన్ల లాంటిది. ఒకతను వచ్చిన ప్రతి మనిషి ముఖం, బండి నంబరు, ఎవరి కోసం వచ్చారో అన్నీ పుస్తకంలో రాసుకుంటాడు. మరునాడు మీరు కనబడగానే సలాం కొట్టి గేటు తీస్తాడు. రెండో అతను ఎవరి ముఖమూ గుర్తుపెట్టుకోనని ఒట్టు పెట్టుకున్నవాడు. మీరు పదిరోజులు వరసగా వచ్చినా పదోరోజు కూడా ఆయనకు కొత్తవాళ్లే. గుర్తుపెట్టుకోనన్నవాడికి గుర్తుపట్టడం రాదు. దొంగ ఎవరో దొర ఎవరో తెలియదు కాబట్టి అందరినీ ఆపి అడుగుతాడు. అంటే మన గుట్టు కాపాడాలన్న ఆయన నియమమే మనకు అడ్డంకి అవుతోంది.

దీనికి ఇంకో ముడి ఉంది. గుట్టు కాపాడతామనే సెర్చ్ ఇంజిన్లలో చాలావాటికి సొంత వడ్లు లేవు, పక్క మిల్లు నుంచి బియ్యం తెచ్చి అమ్మినట్టే. హాలండ్‌లోని స్టార్ట్‌పేజ్ మన పేరూ అడ్రసూ తీసేసి మన ప్రశ్నను గూగుల్‌కు చేరవేసి జవాబులు తెస్తుంది. 2008లో మొదలైన డక్‌డక్‌గో ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వారి బింగ్ మీద ఆధారపడుతుంది. ఇక లక్షల కొద్దీ ప్రశ్నలు గుప్పించి జవాబులు దోచుకునే యంత్రాలు నెట్ నిండా తిరుగుతుంటాయి. అవి ఈ చిన్న ఇంజిన్ల గుండా దూరితే అసలు యజమాని కుళాయి కట్టేస్తాడు. ఆ భయంతో ఇవి వచ్చినవాళ్లను ఒకటికి రెండుసార్లు అడుగుతాయి. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా ఆ ఇబ్బంది బరువంతా మా మూల కంప్యూటరు ముందు కూర్చున్న అక్క మీద పడటం మాత్రం నేను ఒప్పుకోలేను.

మనలాంటి చోట ఈ బరువు ఇంకా ఎక్కువ. నెట్‌లో ఇంటి నంబరు లాంటిది ఐపీ అడ్రసు. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 430 కోట్ల నంబర్లే. ముందుగా వచ్చిన దేశాలు, కంపెనీలు పెద్ద పెద్ద వాటాలు తీసుకున్నాయి. ఆలస్యంగా నెట్‌లోకి వచ్చిన మనకు కంపెనీలు ఒక నంబరును వందలమందికి పంచుతాయి. వాడకట్టంతటికీ ఒకే ఇంటి నంబరు అన్నమాట. వీపీఎన్ వాడినా అంతే, ముక్కూముఖం తెలియని వేలమందితో కలిసి ఒకే గేటు. అందులో ఒకడు తుంటరి పని చేస్తే వాడకట్టంతా అనుమానితులే. ఆ అక్క మీద పడిన అనుమానం ఆమె చేసిన పనికి కాదు, ఆమె నిలబడ్డ గేటుకు.

ఈ బొమ్మల పరీక్ష కథ కూడా కొంచెం చెప్పాలి. 2000 సంవత్సరంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ బ్లమ్, ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, వాళ్ల సహచరులు క్యాప్చా తయారుచేశారు. వంకరటింకర అక్షరాలు మనిషి చదవగలడు, మిషను చదవలేదు అన్నది అప్పటి ఆధారం. రోజుకు ఇరవై కోట్ల క్యాప్చాలు నింపుతున్నారని, ఒక్కోదానికి పది సెకన్ల చొప్పున మనుషుల కాలం రోజుకు ఐదు లక్షల గంటలు పోతోందని తర్వాత వాన్ ఆనే బాధపడ్డాడు. అంత కాలం వృథా ఎందుకని, జనం నింపే అక్షరాలతోనే పాత పుస్తకాలను, పాత పత్రికలను కంప్యూటరులోకి ఎక్కించే రీక్యాప్చా మొదలుపెట్టాడు. 2009లో గూగుల్ దాన్ని కొన్నది. పుస్తకాల తర్వాత వీధి ఫొటోల్లోని ఇంటి నంబర్లు వచ్చాయి. ఆ తర్వాత బస్సులు, సిగ్నళ్లు, మెట్లు, చిమ్నీలు.

ఆ వీధులు మనవి కావు. మా వీధుల్లోంచి ఎంచి అడిగితే ఆ అక్క ఒక్కటీ తప్పేది కాదు. వరికోత మిషను ఏది, వడ్ల కాంటా ఏది, బతుకమ్మ ఏది అంటే కళ్లు మూసుకుని చెప్పేది. మనిషా కాదా అని పెట్టిన పరీక్షను ఒక అమెరికా పట్నం అలవాట్లతో పెట్టి, సుల్తానాబాద్ మండలం మనిషి తప్పిందని చెప్పడంలో న్యాయం లేదు. చూపు లేనివాళ్లకైతే ఇది గోడే. వాళ్ల కోసం పెట్టిన గరగర శబ్దాల పరీక్ష ఇంగ్లిషు చెవులకు కూడా కష్టమే. పోనీ యంత్రాలనైనా ఆపుతుందా అంటే, అదీ సందేహమే. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ పరిశోధకులు 1,400 మంది చేత క్యాప్చాలు చేయించి పోల్చి చూశారు. అక్షరాల పరీక్షల్లో యంత్రాలే మనుషుల కన్నా వేగంగా, తప్పుల్లేకుండా గెలుస్తున్నాయని తేలింది. అంతకు చాలా ముందే, 2010 నాటికే, వెయ్యి క్యాప్చాలకు ఇంచుమించు ఒక డాలరు కూలి ఇచ్చి ఇండియా, బంగ్లాదేశ్, చైనా మనుషుల చేత నింపించే దుకాణాలు నడిచాయి. మోసగాడు కూలి ఇచ్చి లోపలికి పోతాడు. ఆ అక్క బయట నిలబడుతుంది.

ఇక నా సంగతి. మా సెంటరులో కూడా ఒక పుస్తకం ఉంది. 2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కెఫేలకు నియమాలు తెచ్చింది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, పేరు, వచ్చిన వేళ, పోయిన వేళ రిజిస్టరులో రాయాలి, ఏ కంప్యూటరులో ఏమేం తెరిచారో ఆ వివరాలు ఏడాది పాటు దాచాలి. క్యాబిన్ కడితే అడ్డుచెక్క ఎత్తు నాలుగున్నర అడుగులు మించకూడదు. క్యాబిన్‌లో లేని కంప్యూటర్ల తెరలు నలుగురు తిరిగే వైపుకే తిరిగి ఉండాలి. నేరాలు ఆపడానికి పెట్టిన నియమాలివి. కానీ నాలుగున్నర అడుగుల చెక్క వెనక కూర్చుని, నిలబడ్డవాళ్లకు తల కనబడుతుండగా, తన ఒంట్లోని గడ్డ గురించి చదువుకునే ఆడమనిషిని చూసినప్పుడు, ఆ కొలత రాసినవాళ్లు ఆమెను తలచుకున్నారా అనిపిస్తుంది.

ఆమెలాంటివాళ్లను తలచుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. రాజమండ్రిలో పుట్టి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగిన కోకా సుబ్బారావు గారు. ఆయన ముందుకు వచ్చిన ఒక కేసు ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషిది. దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టి లేపేవాళ్లు, ఎటు పోతున్నాడో వెంట నడిచేవాళ్లు. అతను సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరులో తీర్పొచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పు, మిగతా నిఘా తప్పు కాదు, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదు అన్నారు ఎక్కువమంది జడ్జీలు. సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ షా ఒప్పుకోలేదు. నీడలా వెంటపడే కళ్ల కింద తిరిగే మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, అతనికి దేశమంతా జైలే అన్నది ఆయన వాదన. ఆ మాట నెగ్గడానికి దాదాపు యాభై అయిదేళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది, గోప్యత ప్రాథమిక హక్కేనని ఒకే మాటగా చెప్పారు. అప్పటికి సుబ్బారావు గారు పోయి నలభై ఏళ్లు దాటింది.

హక్కు వచ్చాక కూడా చూడండి. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కొట్టి వెతుకుతున్న వీడియోలు మనం అందరం చూశాం. సెర్చ్ అన్న మాటకు రెండర్థాలు, పోలీసు సోదా ఒకటి, మన వెతుకులాట ఒకటి. ఆ వీడియోల్లో రెండూ ఒక్క పెట్టెలోనే కలిసిపోయాయి. నాకు అది చూసినప్పుడు ఒళ్లు చల్లబడింది. ఆ ఫోన్లలో భార్యాభర్తల మాటలు ఉంటాయి, స్కానింగ్ రిపోర్టులు ఉంటాయి.

అందుకే చాలామంది పరదా కోసం వెతుకుతారు. దొరికే పరదాల్లో మాత్రం చాలావాటికి చిల్లులే. ఇన్‌కాగ్నిటో అని బ్రౌజరులో నల్ల కిటికీ ఉంటుంది కదా. అది మీ ఇంట్లోవాళ్లకు హిస్టరీ కనబడకుండా చేస్తుంది, అంతవరకే. నెట్ కంపెనీకి, మీరు తెరిచిన వెబ్‌సైటుకు మీరు కనబడుతూనే ఉంటారు. దీని మీద అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా వేశారు. ఆ కిటికీలోంచి పోగైన లెక్కలేనన్ని రికార్డులు చెరిపేస్తామని 2024లో రాజీకి వచ్చారు. డక్‌డక్‌గో వారి మొబైల్ బ్రౌజరు కూడా, వెబ్‌సైట్లలో మైక్రోసాఫ్ట్ పెట్టిన నిఘా కోడ్‌ను ఆపకుండా వదిలేస్తోందని 2022 మేలో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. బింగ్‌తో ఉన్న ఒప్పందమే కారణమని కంపెనీ ఒప్పుకుని, కొన్ని నెలలకు సరిదిద్దింది. ఒప్పుకోవడం మంచిదే. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో అనే వీపీఎన్ సంగతి ఇంకా దారుణం. రక్షణ అని పేరు, లోపల మాత్రం జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో కంపెనీకి మోసేది. 2018లో ఆపిల్ స్టోరు నుంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది.

వీపీఎన్ మాటొస్తే మా ప్రాంతంలో అది గల్ఫ్ మాట. పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి ఎందరు పిల్లలు దుబాయిలో, షార్జాలో ఉన్నారో మీకు తెలుసు. అక్కడ వాట్సాప్‌లో రాసుకోవచ్చు గాని మాట్లాడటానికి కాల్ కలవదు. అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి. అవి అందరికీ కుదరక పిల్లలు ఊరికే దొరికే వీపీఎన్ ఎక్కించుకుంటారు. సగం మాట దగ్గర వీడియో ఆగిపోతే, కొడుకు ముఖం బిగుసుకుపోయిన ఫోను పట్టుకుని తల్లులు మా సెంటరుకు వస్తారు. "ఇది జర చెయ్యి బిడ్డా" అంటారు. నేనేం చేయగలను? అక్కడి చట్టం గట్టిది. వీపీఎన్‌తో అడ్రసు మార్చి నేరం చేసినా, నేరం దాచినా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. కంపెనీ పనికి వీపీఎన్ వాడితే తప్పు లేదు. ఎక్కడ గీత దాటామో కూలికి పోయిన పిల్లవాడికి ఎవరు చెబుతారు?

పైగా ఆ ఊరికే దొరికేవి ఎట్లాంటివంటే, 2016లో ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓవాళ్లు ఇంకొందరితో కలిసి ఆండ్రాయిడ్‌లోని 283 వీపీఎన్ యాప్‌లను విప్పి చూశారు. వందకు 38 వాటిలో హానికరమైన కోడ్ ఆనవాళ్లు. వందకు 18 అసలు సమాచారాన్ని గుప్తంగా మార్చనే లేదు. వందకు 75 వాటిలో వేరే కంపెనీల నిఘా కోడ్. తల్లి ముఖం చూసుకోవాలని పెట్టుకున్న యాప్ ఆ పిల్లవాడి వివరాలను ఎవరెవరికి పంచిందో వాడికి తెలియదు.

ఇక మన దేశంలో, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నుంచి ఆదేశం వచ్చింది. వీపీఎన్ అమ్మేవాళ్లు కొన్నవారి పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, చివరికి ఎందుకు కొన్నారన్న కారణం కూడా అయిదేళ్లు దాచాలి. అలా దాచలేమని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటి కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి. అంతకు రెండేళ్ల ముందు, 2020 జూలై మొదట్లో, కొన్ని రోజులు డక్‌డక్‌గో మన దేశంలో చాలా నెట్ కనెక్షన్ల మీద తెరుచుకోలేదు. మా సెంటరులో నేనే వైరు పీకి మళ్లీ పెట్టి చూశాను, నా లోపమేమో అనుకుని. దుకాణం మూస్తే షట్టరు మీద చీటీ అయినా అతికిస్తారు, దానికి అదీ లేదు.

ఇప్పుడు జీరో టికెట్ దగ్గరికి వస్తాను. ఆ కండక్టరులాగా, మనిషి ఎవరో తెలుసుకోకుండా, మనిషేనని మాత్రం తెలుసుకోవడం నెట్‌లో కుదురుతుందా? కుదురుతుందని 1982లోనే డేవిడ్ చామ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆయన చెప్పిన ఉదాహరణ మనకు బాగా తెలిసిందే, కార్బన్ పేపరు. మీరొక చీటీ రాసి, లోపల కార్బన్ పేపరు అంటించిన కవరులో పెట్టి, కవరు మూసి ఆఫీసరుకు ఇస్తారు. ఆయన మిమ్మల్ని చూసి, అర్హులేనని తేల్చుకుని, కవరు పైన ముద్ర గట్టిగా గుద్దుతాడు. ఇంటికొచ్చి కవరు చించితే ముద్ర లోపలి చీటీ మీద పడి ఉంటుంది. చీటీలో ఏముందో ఆయన చూడలేదు. రేపు ఆ చీటీ గేటు దగ్గర ఇస్తే ముద్ర అసలుదేనని తెలుస్తుంది గాని, ఎవరికి వేసిన ముద్రో ముద్ర వేసినవాడే చెప్పలేడు. దీన్ని లెక్కల్లోకి మార్చారు. అదే దారిలో 2017లో ప్రైవసీ పాస్ అని ఒక పద్ధతి వచ్చింది, 2024 జూన్‌లో ఇంటర్నెట్ ప్రమాణంగా కూడా అచ్చయింది. ఒక్కసారి మనిషినని చూపించుకుంటే కొన్ని చీటీలు ఇస్తారు. తర్వాత ప్రతి గేటు దగ్గర బొమ్మలు గుర్తుపట్టే పని లేదు, ఒక చీటీ ఇచ్చి లోపలికి పోవడమే.

ఇది చదివిన రోజు నేను దుకాణం కట్టేసి కూడా చాలాసేపు కూర్చున్నాను. దారి ఉంది, నలభై ఏళ్ల నుంచి ఉంది. కానీ ముద్ర ఎవరు వేస్తారన్న దగ్గర మళ్లీ చిక్కు. ఆపిల్ 2022 నుంచి తన ఫోన్లకు ఇలాంటి చీటీలు ఇప్పిస్తోంది, ఫోను అసలుదో కాదో తానే చూసి. ఖరీదైన ఫోను ఉన్నవాడు మనిషి, మా మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చున్నామె అనుమానితురాలు అంటే కాదు కదా. బస్సు టికెట్‌లా ఈ చీటీ అందరికీ ఒకటే కావాలి. గుట్టు కాపాడతామని సెర్చ్ ఇంజిన్ పెట్టినవాళ్లకు నేను అడిగేది ఇంతే. ఆపాల్సి వస్తే ఆపండి. ఆపినప్పుడు లోపం మా వైపుది, మీ తప్పేం లేదు అని ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఒక్క వాక్యం రాయండి. అనుమానాస్పదం అన్న మాట తీసేయండి.

మా మూల కంప్యూటరును మార్చాను. వీపీఎన్ తీసేశాను, దానివల్లే ఎక్కువసార్లు గేటు పడుతోంది. ఆ వెతకడం నా కనెక్షన్ నుంచే పోతుంది, పోనీ. ఒక మనిషి లేవగానే బ్రౌజరులోని గుర్తులన్నీ వాటంతటవే పోయేలా పెట్టాను, ఎవరి ఖాతా కూడా అందులో తెరిచి ఉండదు. రిజిస్టరు కౌంటరు మీద తెరిచి ఉంచడం మానేసి డ్రాయరులో పెడుతున్నాను. చిమ్నీ, జీబ్రా క్రాసింగు, ఆ ఇనుప పంపు, ఇంకా అలాంటివి పది ఫొటోలు ప్రింటు తీసి, కింద తెలుగులో పేర్లు రాసి, లామినేషన్ చేసి ఆ కంప్యూటరు పక్కన వేలాడదీశాను.

సంక్రాంతి పోయాక ఒకరోజు ఆ అక్క మళ్లీ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కరీంనగర్ నుంచి దిగి నేరుగా ఇటే వచ్చినట్టుంది, జీరో టికెట్ ఇంకా వేళ్ల మధ్యే ఉంది. వేలాడుతున్న బొమ్మల అట్టను చూసింది. చిమ్నీ మీద వేలు పెట్టి, "ఇదా?" అంది. ఇదేనక్కా అన్నాను. "గిదా!" అని ఇంకోసారి చూసింది. కవరులోంచి నాలుగు కాగితాలు తీసి, రాత కిందికి ఉండేటట్టు తిప్పి నా చేతికిచ్చింది.

జిరాక్స్ మిషను మీద కాగితం ఎప్పుడూ బోర్లేసే పెడతాం. ఆమె ఇచ్చినట్టే అద్దం మీద పెట్టి మూత వేశాను.

"ఎన్ని కాపీలక్కా?"

"రెండు తీయి తమ్మీ."